ఉపవాసం గల పేరు

సఫేద్
పస్కా వెళ్ళిన వారం

పెనీనా తల్లికి,

కాలు ఇంకా పిండికట్టులోనే ఉంది. వేసవి దాకా మెట్లు దిగకూడదని డాక్టరు చెప్పి వెళ్ళాడు. సఫేద్‌లో మెట్లు దిగకుండా ఎక్కడికి పోగలం, దొర్లుకుంటూ పోవాలి తప్ప. కాబట్టి నీ పురిటికి రాలేను. నిన్ను చేతుల్లో పెట్టుకుని పెంచినదాన్ని, నీ బిడ్డ పుట్టేటప్పుడు కిటికీ దగ్గర కూర్చుని ఎదురింటి మేకల్ని చూస్తూ ఉంటాను. నా రాత.

ఒక మాట అడగాలి. ఎనిమిదో రోజు సున్నతి అయ్యేదాకా పేరు నోటి బయటికి రాకూడదని నాకూ తెలుసు. నేను నోటితో అనడం లేదు, కాగితం మీద రాస్తున్నాను. పైవాడు అంత చాదస్తుడు కాడు.

మగపిల్లాడు పుడితే మీ పెదనాన్న పేరు పెట్టు. గెదల్యా.

ఆయన పోయేనాటికి నువ్వు పుట్టలేదు. ఇళ్ళు కట్టే పని చేసేవాడని, గోడ కూలి పోయాడని మాత్రం నీకు తెలుసు. మేస్త్రీ గోడ గట్టిదే అన్నాడు, ఈయన నమ్మి దాని కింద నిలబడ్డాడు. అంతే జరిగింది. పెళ్ళయి ఏడాది తిరిగింది, ఇంట్లో ఉయ్యాల కట్టలేదు, ఆయనకు ముప్పై నిండలేదు. అలా పిల్లల్లేకుండా చిన్న వయసులో పోయినవాడి పేరు పెట్టకూడదని మనవాళ్ళలో ఒక పట్టింపు ఉందిగా, ఆ అల్పాయుష్షు పసివాడికి అంటుకుంటుందని. అందుకే ఇన్నేళ్ళూ ఎవరినీ అడగలేదు. మీ మేనమామలకు వరసగా కొడుకులు పుట్టారు. ప్రతి సున్నతికీ తేనె రొట్టె చేసుకుపోయాను, వాళ్ళు పెట్టిన పేర్లు విన్నాను, తిని వచ్చాను.

ఆ పేరుకు 'దేవుడు గొప్పవాడు' అని అర్థం. ఇందులో కీడేముంది చెప్పు. నా చిన్నప్పుడు మన వీధిలో సందుకో గెదల్యా ఉండేవాడు. రొట్టెలు కాల్చేవాడు గెదల్యా, గాడిదలవాడు గెదల్యా. ఇప్పుడు వాళ్ళందరూ కొండ కింద సమాధి రాళ్ళ మీదే ఉన్నారు. నేను పోతే మీ పెదనాన్న పేరు కూడా ఆ రాయి మీద తప్ప ఎక్కడా ఉండదు.

మీ అత్తగారు గిటెల్ ఏమంటుందో నాకు తెలుసు. యోయేల్ మంచివాడు, నువ్వు చెబితే వింటాడు. నిన్ను పెంచినందుకు ప్రతిఫలం అడుగుతున్నానని మాత్రం అనుకోకు.

మీ పెద్దమ్మ
హెన్యా


హోలోన్
వారాల పండుగ ముందు

పెద్దమ్మకు,

మగపిల్లాడు. నల్లటి జుట్టు, ఎర్రటి మొహం, ఆయన చెవులు. నేను బాగానే ఉన్నాను, కొంచెం నీరసం.

సున్నతి నిన్న అయింది. అంతా నువ్వు అనుకున్నట్టే జరిగింది, నీ మాట దాటలేదు. ఇంట్లో కాలు పెట్టే చోటు లేదు. ఆయన పనిచేసే నేత మిల్లు నుంచే సగం మంది వచ్చారు. అత్తగారు ఉప్పుచేపలు ఎక్కడ చాలవో అని గిన్నె చుట్టూ కాపలా తిరిగారు. సున్నతి చేసిన ముసలాయనకు చేతులు వణుకుతున్నాయేమో అని నేను లోపలి గదిలో కళ్ళు మూసుకుని కూర్చున్నాను. వణకలేదట. బాబు ఒక్కసారి ఏడ్చి, వేలికి అద్దిన ద్రాక్షరసం చప్పరిస్తూ ఊరుకున్నాడు.

ఇక్కడ గాలి లేస్తే ఇసుక పాలగ్లాసులోకి కూడా వస్తోంది. బాబు లేచాడు. మళ్ళీ రాస్తాను.

పెనీనా


సఫేద్
వేసవి మొదలు

బంగారు తల్లికి,

నీ ఉత్తరం నేను చదువుకున్నాక కిరసనాయిలు బండి జుండల్ చేత ఇంకోసారి చదివించుకున్నాను. నాకు చదువు రాక కాదు, ఆ మాట వేరే నోటితో వినాలనిపించింది. అతను బండి ఆపి, చేతులు గుడ్డకు తుడుచుకుని మరీ చదివాడు. "నీ మాట దాటలేదు" అన్నచోట ఆగి, "పెంచితే ఇలాంటి పిల్లను పెంచాలి హెన్యమ్మా" అన్నాడు. అతనికి ఆ పూట నా ఇంట్లోనే భోజనం.

గసగసాల కేకు చేసి వీధంతా పంచాను. కుంటికాలుతో పొయ్యి దగ్గర నిలబడ్డానని డాక్టరుతో చెప్పకండని అందరినీ బతిమాలుకున్నాను. కొండ దిగలేను కాబట్టి జుండల్‌నే సమాధి దగ్గరికి పంపించాను. రాయి మీద ఒక గులకరాయి పెట్టి, "గెదల్యా, నీ పేరు హోలోన్‌లో ఉయ్యాల్లో ఊగుతోందయ్యా" అని గట్టిగా చెప్పి రమ్మన్నాను. చెప్పి వచ్చాడు. తిరిగి వచ్చేటప్పటికి ఆ ముసలివాడి కళ్ళు కూడా ఎర్రగా ఉన్నాయి.

ఒక్కటే లోటు. ఉత్తరమంతా బాబు, బాబు అని రాశావు. పేరు రాయడానికి సిగ్గెందుకే. ఈసారి పేరు పెట్టి రాయి, కాగితం మీద చూసుకోవాలని ఉంది.

పెద్దమ్మ


హోలోన్
ఎండాకాలం

పెద్దమ్మకు,

గెదల్యా బాగున్నాడు. గెదల్యా బోర్లా పడుతున్నాడు. గెదల్యాకు పాలు చాలక ఆవుపాలు కలుపుతున్నాం. చాలా, ఇంకా రాయనా?

ఆయన ఏడిపిస్తూ ఉంటారు, "యెరూషలేములో గుడి కట్టిన రాజు పేరు పెట్టుకున్నా పిల్లాడికి ఒక్క సెలవు రాదు, మనవాడి పేరు మీద దేశం మొత్తం కడుపు మాడ్చుకుంటుంది" అని. నిజమే కదా, మన పేర్లన్నిటిలో ఉపవాసం గల పేరు అదొక్కటే అనుకుంటాను. కొత్త సంవత్సరం తేనె మూతికి ఆరకముందే గెదల్యా ఉపవాసం వచ్చి కూర్చుంటుంది. బడిలో మేం చిన్నప్పుడు, వాడెవడో చచ్చిపోకుండా ఉంటే మనకు భోజనం దొరికేది అనుకునేవాళ్ళం.

నువ్వు వస్తానని రాశావట మిరియం అత్తకు. ఈ ఎండల్లో ఆ కాలుతో వద్దు. బస్సులు మారుతూ మారుతూ రావాలి. పైగా మాది మూడో అంతస్తు. చలికాలం వచ్చాక మేమే వస్తాం.

పెనీనా


సఫేద్
గెదల్యా ఉపవాసం మర్నాడు

తల్లీ,

నిన్న ఉపవాసం ఉన్నాను. కాలు బాగాలేదు, నీకు అక్కర్లేదని అందరూ అన్నారు. ఇన్నేళ్ళూ చచ్చిపోయినవాడి కోసం ఉన్నాను, బతికున్నవాడి పేరు మీద ఉండనా అన్నాను.

ఈ ఉత్తరం ఒక గొడవ గురించి. నువ్వు బాధపడతావని తెలుసు, అయినా ఎవరి ద్వారానో వినేకంటే నా ద్వారా వినడం మేలు. మొన్న బండి దగ్గర నలుగురం డబ్బాలు పట్టుకుని నిలబడ్డాం. జుండల్ నన్ను పక్కకు పిలిచాడు.

"హెన్యమ్మా, చెప్పకూడదనుకున్నాను, మనసొప్పడంలేదు. మా చెల్లెలుండేది హోలోన్‌లో పెనీనా వాళ్ళ వీధే. ఆ పిల్లాణ్ణి అందరూ ఓఫెర్ అంటారట."

"ఎవర్ని చూసి ఎవరనుకుందో మీ చెల్లెలు."

"సున్నతికి కూడా వెళ్ళిందటమ్మా. అక్కడ చదివిన పేరు కూడా అదేనట. గెదల్యా అన్న మాటే వినపడలేదట. మీరు కేకులు పంచుతుంటే నాకు..."

"జుండల్, నూనెలో నీళ్ళు కలుపుతావని ఈ వీధి వీధంతా అంటుంటే ఇన్నాళ్ళూ నేను నమ్మలేదు. ఇవాళ నమ్ముతున్నాను."

పక్కకు పిలిచి చెప్పాడే గాని నేను పక్కన ఉండి అనలేదు. నలుగురికీ వినపడేటట్టు అన్నాను. వాళ్ళు నవ్వారు. అతను నా డబ్బా నింపి ఇచ్చాడు. ఇప్పుడు సగం వీధి ఇంకో బండి దగ్గర కొంటోంది.

నిన్న కడుపు కాలుతుంటే ఆ పాత గెదల్యాను గురించే ఆలోచించాను, అహీకాము కొడుకును. బబులోనువాళ్ళు దేశం నాశనం చేశాక మిగిలినవాళ్ళకు పెద్దగా ఉన్నాడు. "ఇష్మాయేలు నిన్ను చంపడానికి వస్తున్నాడు" అని యోహానాను ముందే చెప్పాడు. "నువ్వు అతని మీద అబద్ధం చెబుతున్నావు" అన్నాడు గెదల్యా. ఇష్మాయేలును పిలిచి పక్కన కూర్చోబెట్టుకుని భోజనం పెట్టాడు. ఆ భోజనం దగ్గరే ప్రాణం పోయింది. జనం ఆయన్ను తెలివితక్కువవాడంటారు. నాకు మాత్రం ఆయన మీద గౌరవం. ఒకరి గురించి చెడు చెబితే వినను పొమ్మన్నాడు. మీ పెదనాన్నా అంతే. ఆ పేరు పెట్టుకున్న ఇంటి గురించి జుండల్ చెబితే నేను వింటానా?

గెదల్యాకు ముద్దులు.

పెద్దమ్మ


హోలోన్
వాన మొదలైంది

పెద్దమ్మకు,

ఈ వీధిలో ఇంకో పెనీనా ఉంది. వాళ్ళ పిల్లాడి పేరు ఓఫెర్. జుండల్ గారి చెల్లెలు పొరబడి ఉంటుంది.

ఆయన్ను మరీ అంత మాట అనకుండా ఉండాల్సింది. ముసలాయన. నువ్వు మళ్ళీ ఆయన దగ్గరే నూనె కొనుక్కో.

గెదల్యా పాకుతున్నాడు. ఇంకేమీ రాయడానికి లేదు.

పెనీనా


హోలోన్
చలికాలపు దీపాల పండుగ వారం

పెద్దమ్మా,

నువ్వు సోమవారం మొదటి బస్సుకు వెళ్ళిపోయాక బల్ల మీద నీ టీ గ్లాసు అలాగే ఉంచాను. కడగబుద్ధి కాలేదు. ఒక్క మాటన్నా తిట్టి ఉంటే బాగుండేది. చక్కెర కూడా అడగలేదు నువ్వు.

నీకు అన్నీ అర్థమయ్యాయని తెలుసు. అయినా నా చేత్తో రాయాలి.

సున్నతి ముందు రోజు సాయంత్రం అత్తగారు వంటింట్లో చేపలు శుభ్రం చేస్తూ ఏడవడం మొదలుపెట్టారు. "నా మనవడికి ముప్పై ఏళ్ళే రాసిపెడతావా పెనీనా? నేను నీకేం అపకారం చేశాను?" అన్నారు. యోయేల్ నా మొహం చూశారు. ఆయన నిజంగానే నేను ఎలా చెబితే అలా చెయ్యడానికి నిలబడ్డారు. "సరే, మీ ఇష్టప్రకారమే కానివ్వండి" అన్నాను. అంతటితో ఆపితే ఇదంతా అత్తగారి తప్పు అవుతుంది. నాలుగు నెలలు నేను కూడా అలాగే అనుకుని అన్నం తిన్నాను. అది నిజం కాదు. ఆ మాట అనగానే నాకు ప్రాణం తేలికైంది. ఆ పేరు వద్దనుకున్నది నేను. పసిపిల్లల్ని చూసే పాలకేంద్రంలో నర్సు "ఓఫెర్" అని పిలిస్తే వరండాలో సగం మంది తల్లులు లేస్తారు, ఆ గుంపులో నేనూ ఒకదాన్ని కావాలనుకున్నాను. జింకపిల్ల అని అర్థం, ఎవరికీ గుర్తులు లేని పేరు. గెదల్యా అంటే గడ్డం ఉన్న పసివాడిలా వినపడింది. నీ దుఃఖాన్ని నా కొడుకు మెడలో ఎందుకు వెయ్యాలి అని కూడా అనుకున్నాను పెద్దమ్మా, అది కూడా రాస్తున్నాను.

నీకు మాత్రం అబద్ధం రాశాను. నువ్వు సమాధి దగ్గరికి మనిషిని పంపించావని చదివినప్పుడు ఉత్తరం పరుపు కింద పెట్టి, ఆయనకు కూడా చూపించలేదు.

జుండల్ గారిని నువ్వు అన్న మాట చదివాక తిండి సహించలేదు. అప్పుడు చెప్పాను ఆయనకు. ఆయన ఆలోచించి, "అబద్ధమాడితే అతికినట్టుండాలంటారు. మనం అతికిద్దాం. శనివారం ప్రార్థనలో పేరు చేర్పించేస్తే సరి, నువ్వు రాసిందే నిజమైపోతుంది" అన్నారు. అత్తగారితో చెప్పకుండా వెళ్ళారు. ఏడాదికి రెండుసార్లు ప్రార్థన మందిరం గడప తొక్కే మనిషి. పేరు చేర్పించడం మనవాళ్ళు ఎప్పుడు చేస్తారో మా ఇద్దరికీ తెలియక కాదు, తట్టలేదు.

ధర్మశాస్త్రం చుట్ట ముందుకు పిలిచినప్పుడు ఆయన మందిరం పెద్ద చెవిలో చెప్పారట.

"పిల్లాడికి గెదల్యా అని పేరు చేర్చాలండీ."

ఆ పెద్దాయన మొహం వాడిపోయింది. "ఎప్పట్నుంచి నాయనా?"

"ఏం లేదండీ, ఊరికే పేరు..."

"అర్థమైంది, నోటితో అనకు." భుజం మీద చెయ్యి వేశాడట. "తల్లి పేరు చెప్పు."

ప్రాణం మీదికొచ్చినవాళ్ళకే కొత్త పేరు చేరుస్తారు, జబ్బుపడినవాళ్ళకే తల్లి పేరు అడుగుతారు. అది వినగానే మందిరమంతా మూలిగింది. పాత పేరు మీద రాసిన చావు కొత్త పేరును పోల్చుకోకుండా పోవాలని ప్రార్థన చదివారు. పక్కన ఆడవాళ్ళు కీర్తనలు అందుకున్నారు. ఆయన దొంగకు తేలు కుట్టినట్టు నిలబడ్డారు. "పిల్లాడు గుండ్రాయిలా ఉన్నాడండీ" అని ఆ వందమందిలో ఎలా చెప్పను అంటారు.

చీకటి పడి సబ్బాతు వెళ్ళేసరికి ఇల్లు నిండిపోయింది. కోడి సూపు గిన్నెలు, బొంతలు, ఎవరి బావగారో డాక్టరట, ఆయన. ఆ పేరు వినగానే అత్తగారు బాబు మీద పడి కావలించుకున్నారు. వాడికి నిజంగా ఏదో ఉందనీ, మేం దాచామనీ ఆవిడ నమ్మకం. అందరూ ఏడుస్తుంటే వాడు బల్ల కింద కూర్చుని సూపులోని క్యారెట్ ముక్క చీకుతున్నాడు. "పైకి అలాగే ఉంటారు పాపం, లోపల తినేస్తుంటుంది" అని ఎవరో అన్నారు. మింగలేక కక్కలేక మేం ఇద్దరం సూపు తాగాం.

ఆదివారం మధ్యాహ్నం తలుపు తెరిస్తే నువ్వు, కర్రతో. మూడంతస్తులు ఎక్కి వచ్చావు. వాడి నుదుటి మీద చెయ్యి పెట్టి చూశావు. తరవాత నన్ను చూశావు. నేను తల దించుకున్నాను. ఇప్పటిదాకా ఎత్తలేదు.

వాడి పేరు ఇప్పుడు గెదల్యా ఓఫెర్. అది మాత్రం నిజం.

పెనీనా


సఫేద్
చలి

పెనీనాకు,

నీ ఉత్తరం వచ్చి చాలా రోజులైంది. జవాబు రాయకూడదనుకుని, అలాగే ఉండలేక రాస్తున్నాను.

ఆ ఆదివారం పొద్దున్న జుండల్ చెల్లెలు కిరాణా కొట్టుకు ఫోను చేసింది. ఎవరొచ్చి చెప్పారనుకున్నావు? జుండలే. అంతమందిలో నేను నవ్వులపాలు చేసిన మనిషి, బండి వీధిలో వదిలి మెట్లెక్కి వచ్చాడు. "హెన్యమ్మా, పిల్లాడికి ప్రాణం మీదికొచ్చిందట. గెదల్యా అని పేరు చేర్చారట. బయల్దేరండి" అన్నాడు. నా కోటు తనే పట్టుకున్నాడు. బస్సు దాకా చెయ్యి పట్టుకుని దింపాడు.

రోష్ పిన్నా కొండ మలుపుల్లో నేను ఏమనుకున్నానో చెబుతాను. ఆ పేరు నేను పంపాను, ఆ పేరే పసివాడి గొంతు మీద కూర్చుంది, గిటెల్ చెప్పిందే నిజం అనుకున్నాను. జీవితమంతా ఆ పట్టింపును తిట్టినదాన్ని, ఒక్క మలుపులో గిటెల్‌నైపోయాను. అక్కడే మొక్కుకున్నాను. ఈ పిల్లాడు బతికితే ఆ పేరు నాకొద్దు, ఏ పిల్లాడి మీదా కోరను, వాణ్ణి ఆ పేరుతో నేను పిలవను అని. డ్రైవరు వెనక్కి తిరిగి చూశాడు, గట్టిగానే అన్నట్టున్నాను.

చేర్చారంటే అంతకుముందు లేదనేగా. ఆ సంగతి తిబెరియ దాటాక గాని బుర్రకెక్కలేదు. ఎక్కినా కోపం రాలేదు, బతికితే చాలనుకున్నాను. వాడు క్యారెట్ చీకుతూ కనపడ్డాక వచ్చింది కోపం. నోరు తెరిస్తే గిటెల్ ముందు, ఆ సూపు గిన్నెల వాళ్ళ ముందు నీ పరువు పోతుందని టీ తాగాను.

ఇప్పుడు కోపం కూడా లేదు. సిగ్గుగా ఉంది. ప్రతిఫలం అడగడంలేదని మొదట్లో రాశాను చూడు. అడిగాను. నీకు తల్లి లేదని, కాదనలేవని తెలిసే అడిగాను. మీ మేనమామలను అడగకుండా నిన్నే అడిగాను. కాదనే వీలులేని పిల్లను అడిగితే అబద్ధం తప్ప దాని చేతిలో ఏం ఉంటుంది?

పేరు చేర్చారు కాబట్టి వాడు గెదల్యానే. నేను మాత్రం పిలవలేను, మొక్కు ఉంది. ముగ్గురు పెద్దమనుషుల ముందు కూర్చుని విప్పించుకోవచ్చని నాకూ తెలుసు. "పిల్లాడికి జబ్బు లేదని తెలిస్తే మొక్కేదానివా?" అని అడుగుతారు, మొక్కేదాన్ని కాదంటే విప్పేస్తారు. కానీ జబ్బు లేకుండా పేరెందుకు చేర్చారని కూడా అడుగుతారు కదా. అప్పుడు నీ సంగతి ముగ్గురికి చెప్పాలి. సఫేద్‌లో ముగ్గురికి చెబితే మేకలకు కూడా తెలుస్తుంది. నేను చెప్పను. మొక్కు ఉండనీ.

జుండల్ సంగతే మింగుడుపడటం లేదు. మొన్న నూనె పోస్తూ, "బాబుకెలా ఉందమ్మా" అన్నాడు. బాగున్నాడన్నాను. "దేవుడి దయ" అన్నాడు, కొలత కంటే కాస్త ఎక్కువే పోశాడు. అతన్ని క్షమాపణ అడగాలంటే నువ్వు అబద్ధమాడావని ఒప్పుకోవాలి. అడక్కపోతే అతను నీళ్ళు కలిపేవాడుగానే మిగులుతాడు. రెండో బండివాడు బాగా సంపాదించుకుంటున్నాడు. నేను డబ్బా పట్టుకుని తల వంచుకుని వచ్చేస్తున్నాను.

హెన్యా


హోలోన్
శీతాకాలం చివర

పెద్దమ్మా,

జుండల్ గారికి ఉత్తరం రాశాను. ఉన్నదంతా రాశాను, ఇంకో పెనీనాతో సహా. ఈ ఉత్తరాన్ని మీ బండి దగ్గర, పెద్దమ్మ మిమ్మల్ని ఆ మాట అన్నచోట, డబ్బాలు పట్టుకుని నిలబడ్డ అందరికీ చదివి వినిపించండి అని కోరాను. నా పేరు పెద్ద అక్షరాలతో రాశాను.

జవాబు వచ్చింది. చదివి వినిపించడం తన వల్ల కాదట, ఆడపిల్ల పరువు బజార్లో చదవడం తనకు చేతకాదట. తరవాత ఇలా రాశారు: "మీ పెద్దమ్మ నా దగ్గర క్షమాపణ అడగనవసరం లేదు. నేను పెంచిన పిల్ల ఒక మాట, నూనె బండివాడు ఒక మాట చెబితే నేను కూడా పిల్లనే నమ్ముతాను." పెద్దమ్మా, నువ్వు తిట్టినా నాకు ఇంత సిగ్గు వేసేది కాదు.

ఆయన చదవకపోతే నేను చదువుతాను. గురువారం వస్తున్నాం, యోయేల్, నేను, పిల్లాడు. నీ మొక్కు విప్పే ముగ్గురు పెద్దమనుషుల్లో ఒకరుగా కూర్చోమని జుండల్ గారినే అడిగాను, ఒప్పుకున్నారు. మిగతా ఇద్దర్నీ ఆయనే చూస్తారు. వాళ్ళముందు జరిగింది చెప్పేది నేను. నువ్వు నా పరువు దాచనక్కర్లేదు, దాచినన్నాళ్ళూ దాచావు. నిన్ను అడిగే ఒక్క ప్రశ్నకు నీకు ఇష్టమైతే జవాబు చెప్పు. మొక్కు ఉండనిమ్మన్నా నేను అడ్డు చెప్పను, వాణ్ణి నువ్వు ఎలా పిలిచినా నీ మనవడే.

అత్తగారితో కూడా చెప్పాను. మూడోరోజు, "పెట్టిన పేరు ఇప్పుడు తీసేస్తే ఇంకా కీడు, అలాగే ఉండనివ్వండి" అన్నారు. నీకు ఉప్పుచేపల సీసా పంపిస్తున్నారు.

పెనీనా


సఫేద్
పూరీము వెళ్ళిన మర్నాడు

పెనీనా తల్లికి,

మీరు క్షేమంగా చేరారని యోయేల్ కార్డు వచ్చింది.

ఆ రోజు జుండల్ ముందు కూర్చుని నువ్వు మాట్లాడుతుంటే నేను నేల చూస్తూ ఉన్నాను. లేచి నీ నోరు మూసేద్దామనిపించింది, కర్ర గట్టిగా పట్టుకుని కూర్చున్నాను. బండి దగ్గర కూడా నువ్వు చెప్పావట, నేను ఇంట్లో పిల్లాణ్ణి చూసుకుంటున్నప్పుడు. నాకు చెప్పకుండా వెళ్ళావు. రెండో బండి దగ్గర కొనేవాళ్ళు కొందరు వెనక్కి వచ్చారు, కొందరు రాలేదు. జుండల్ దగ్గరికి నేను కూడా నడిచి వెళ్ళి, అడగాల్సింది అడిగాను. అందరూ విన్నారు.

ముగ్గురూ మొక్కు విప్పేశారు కదా, అయినా మీరు ఇక్కడ ఉన్న రెండు రోజులూ నా నోట ఆ పేరు రాలేదు. నువ్వు గమనించావు. వాణ్ణి ఒళ్ళో పెట్టుకుని "ఒరేయ్" అన్నాను, "నాన్నా" అన్నాను. ఎన్నో ఏళ్ళుగా నేను రాయితో తప్ప అనని పేరు, బతికున్నవాడి మొహం మీద అనడానికి భయం వేసింది.

మీ బస్సు కదిలాక వచ్చింది. గెదల్యా అని అరిచాను. బస్‌స్టాండులో అందరూ నావైపు చూశారు, ముసలిదానికి మతిపోయిందనుకున్నారేమో. వాడు కిటికీలో నీ భుజం మీద ఉన్నాడు. వాడు తిరగలేదు. వాడికేం తెలుసు, వాడు ఓఫెర్ కదా. నువ్వు తిరిగావు. నెలల తరవాత నీ మొహం నిండుగా చూశాను. కళ్ళు దించలేదు నువ్వు.

వాడు అలవాటుపడేదాకా ఓఫెర్ అనే పిలవండి. తొందరేమీ లేదు.

మీ పెద్దమ్మ
హెన్యా